దేవిడీమన్నా

అప్పు అడగబోయిన చోట పైసా పుట్టకపోతే తెలుగువాడు ‘దేవిడీమన్నా’ అంటాడు. బియ్యం డబ్బా అడుగంటినా అదే మాట. ఈ మాట ఉర్దూ నుంచి వచ్చింది. డ్యోఢీ అంటే పెద్దింటి వాకిలి, ఆ వాకిలి వెనకున్న ఇల్లు కూడా. హైదరాబాదులో దాన్ని దేవ్‌డీ అంటాం, తెలుగులో దేవిడీ అయింది. ‘మనా’ అంటే కూడదని. లోపలికి పోకూడదు, అంతే సంగతి. లోపల దివాన్ మీద కూర్చున్న నవాబుకు ఈ మాట వినే అవసరం ఎన్నడూ వచ్చి ఉండదు. అర్జీ పట్టుకుని ఎండలో నిలబడ్డ రైతు విన్నాడు. జీతం బాకీ అడగవచ్చిన సాయిబు విన్నాడు. వాకిట్లో కావలి ఉన్న జవాను చెయ్యి అడ్డం పెడితే తిరిగొచ్చినవాళ్లే ఈ మాటను ఇళ్లకు మోసుకొచ్చి ఉంటారు.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. మన తాతలు కూర్చున్న గచ్చు పార్సీ ‘గచ్’. కమాను, గుమ్మటం, బురుజు, దర్వాజా, మహలు అన్నీ అటునుంచి వచ్చినవే. ఇవి తెలుగు కాదని ఎవరైనా పట్టుబడితే వాళ్లు తమ ఇంటి గురించి తాము మాట్లాడుకోవడం కూడా కష్టమే. మాటలు భాషలో కలిసిపోయి భద్రంగా ఉన్నాయి. ఆ మాటలు పుట్టిన గోడలే వీధిలో నిలవలేకపోతున్నాయి. నేను రాయదలచుకున్నది ఆ గోడల గురించి.

దేవిడీ అంటే ఒక ఇల్లు కాదు, ఒక పేట. ఎత్తయిన ప్రహరీ. ఏనుగు అంబారీతో సహా దూరేంత కమాను. కమాను మీద నగారాఖానా. లోపల మర్దానా ఒక చౌకు, జనానా ఇంకో చౌకు, మధ్యలో హౌజు. వెనకవైపు గుర్రపుశాలలు, వంటశాలలు, నౌకర్ల గదులు. చార్మినార్ చుట్టూ ఉన్న ఊరు చాలావరకు ఇలాంటి దేవిడీల కూడిక. వాటిలో పేరుమోసింది సాలార్‌జంగుల దివాన్ దేవిడీ. మూడో సాలార్‌జంగ్ పోగుచేసిన వస్తువులతో 1951 డిసెంబరు 16న నెహ్రూ మ్యూజియం ప్రారంభించింది ఆ దేవిడీలోనే. 1968లో వస్తువులు దారుష్షిఫా దగ్గర కట్టిన కొత్త భవనానికి తరలాయి. వస్తువులు పోయాక ఇంటితో ఎవరికీ పని లేకపోయింది. అద్దాల్లో పెట్టిన కత్తులకూ గడియారాలకూ కాపలా ఉంది, టికెట్ ఉంది. వాటిని నూరేళ్లు దాచిన ఇల్లు మాత్రం పడిపోయింది. ఇవాళ దివాన్ దేవిడీ అంటే బట్టల మార్కెట్. మిగిలినవి కమానులే. వాటి కిందుగా నైటీల మూటలు, లుంగీల మూటలు పోతుంటాయి. మోసేవాళ్లలో ఆ కమాను ఎవరిదో తెలిసినవాళ్లు తక్కువ. తెలియాల్సిన అవసరం వాళ్లకు ఎవరూ కల్పించలేదు కూడా.

పాత కట్టడాల గురించి ముస్లిం రాస్తే రెండు వైపుల నుంచీ తిప్పలు వస్తాయి. ఒక వైపు నుంచి ‘చూశారా, ఇంకా నవాబీ రోజులు కలగంటున్నాడు’ అంటారు. రెండో వైపు మనవాళ్లే భుజం తట్టి ‘మన షాన్, మన షౌకత్ బాగా రాశావు భాయ్’ అంటారు. నాకు రెండూ వద్దు. మావాళ్లలో నవాబులెందరు? తెలంగాణ ఊళ్లో ముస్లిం అంటే దూదేకేవాడు, గాజులమ్మేవాడు, మటన్ కొట్టేవాడు, ఫకీరు, జట్కా తోలేవాడు. ఆంధ్ర ఊళ్లలోనూ అంతే. రాయలసీమలో బీడీ చుట్టేవాడు, టైలరు, సైకిలు పంక్చరు వేసేవాడు. వీళ్లలో దేవిడీ ముందు వాకిలి చూసినవాడు అరుదు. చూసినా వెనక దిడ్డి నుంచే. అయినా బడిలో, ఆఫీసులో, ఇల్లు అద్దెకడిగిన చోట నవాబుల లెక్కలన్నీ వీళ్ల ఖాతాలోనే రాస్తారు. ‘మీరు మమ్మల్ని ఏలారు కదా’ అని పంక్చరు వేసేవాడితో అనగలిగిన చరిత్ర మనది. అందుకే ఈ గోడలు ఎవరివి అన్న ప్రశ్న మాకు సరదా ప్రశ్న కాదు.

నా జవాబు మొదట సున్నం దగ్గర మొదలవుతుంది. ఈ కట్టడాలన్నీ డంగుసున్నంతో లేచినవి. సున్నపురాయిని బట్టీలో కాల్చి, నీళ్లు పోసి చల్లార్చి, తొట్లలో రోజుల తరబడి మగ్గబెట్టేవారు. తర్వాత ఇసకో, ఇటుకపొడి అంటే సుర్ఖీయో కలిపి గానుగలో వేసి ఎద్దులతో రాతిచక్రం తిప్పించి వెన్నలా నూరేవారు. బెల్లం నీళ్లు, కరక్కాయ నానబెట్టిన నీళ్లు పోసేవారు. పైపూతకు గుడ్డు తెల్లసొన వాడిన చోట్లు కూడా ఉన్నాయి. ఆ పూతను నునుపురాయితో రుద్దీ రుద్దీ అద్దం చేసేవాళ్లు. పూత మీద పువ్వులూ లతలూ చెక్కినవాడు వేరే ఉస్తాదు. ఈ సున్నం గట్టిపడటానికి తొందరపడదు. గాలిలోని బొగ్గుపులుసు గాలిని పీల్చుకుంటూ ఏళ్ల తరబడి మెల్లగా రాయవుతుంది. తడి వస్తే పీలుస్తుంది, ఎండ వస్తే వదిలేస్తుంది. మన పెద్దలు ‘గోడ ఊపిరి తీస్తుంది’ అనేవారు. అది కవిత్వం కాదు, ఉన్న సంగతి. రాయి కొట్టినవాళ్లు వడ్డెరలు. సున్నం కాల్చినవాళ్లు, గానుగ తోలినవాళ్లు, మట్టి మోసినవాళ్లు హిందువులూ ముస్లింలూ కలిసిన పేదకులాలు. ఆడవాళ్లు తట్టలెత్తారు. ఏ శిలాఫలకం మీదా వీళ్ల పేర్లు లేవు. నవాబు పేరుంది, తారీఖుంది, తారీఖును అక్షరాల్లో ఇమిడ్చి పద్యం రాసిన కవి పేరు కూడా కొన్నిచోట్ల ఉంది. వారసత్వం అడగాలంటే నేను తట్ట మోసినవాళ్ల వైపు నుంచి అడుగుతాను.

ఇలాంటి కట్టడానికి ఏటా చాకిరీ ఉంటుంది. వానాకాలం ముందు మిద్దె ఎక్కి పర్నాలాలు, అంటే నీళ్లు దూకే గొట్టాలు, శుభ్రం చెయ్యాలి. పిట్టగోడ సందులో పిట్ట రెట్ట నుంచి మొలిచిన రావిమొక్కను రెండాకులప్పుడే పీకాలి. నాలుగేళ్లు వదిలితే దాని వేరు కమాను రాళ్ల మధ్యకు దిగుతుంది. అప్పుడు పీకితే కమాను వస్తుంది, పీకకపోయినా వస్తుంది. మొహర్రంకో రంజానుకో ముందు సున్నం కొట్టాలి. దేవిడీకి ఈ పనుల కోసం నెల జీతం మేస్త్రీలుండేవారు. గోడలు బతికింది నవాబు దర్జా వల్ల కాదు, ఈ మేస్త్రీ నిచ్చెన వల్ల. ఆ నిచ్చెన ఎప్పుడు దిగిపోయిందో తెలిస్తే శిథిలం ఎప్పుడు మొదలైందో తెలుస్తుంది.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య. ఆ తర్వాతి నెలల్లో మరాఠ్వాడాలో, కర్ణాటక జిల్లాల్లో, తెలంగాణలో ఏం జరిగిందో సుందర్‌లాల్ కమిటీ రాసిన రిపోర్టు దశాబ్దాల పాటు జనం చేతికి రాలేదు. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. జాగీర్లు పోవాల్సినవే, రైతు నెత్తి మీది బండ దిగింది. నాకు అందులో దుఃఖం లేదు. కానీ జాగీరు ఒక్కటే పోలేదు. దాన్ని పట్టుకుని బతికిన గుమాస్తాలు, జవాన్లు, వంటవాళ్లు, బగ్గీవాళ్లు, మేస్త్రీలు ఒక్కసారి వీధిలో పడ్డారు. నిజాం సైన్యం రద్దయి సిపాయిలు ఇంటికొచ్చారు. దఫ్తరు భాష మారి ఉర్దూ మాత్రమే చదివినవాడు చదువురానివాడయ్యాడు. నవాబుల్లో కొందరు కరాచీ వెళ్లారు. అలా వెళ్లినవాళ్ల ఇళ్లకు 1950 నాటి కాందిశీకుల ఆస్తుల చట్టం కింద ప్రభుత్వ కస్టోడియన్ వచ్చాడు. వెళ్లనివాళ్లు దేవిడీని అన్నదమ్ముల మధ్య పంచుకున్నారు. మర్దానా ఒకడికి, జనానా ఇంకొకడికి, హౌజు కోర్టుకు. వ్యాజ్యంలో ఉన్న ఇంటికి సున్నం కొట్టించేదెవరు? కొట్టించినవాడి వాటా పెరగదు కదా! మెల్లగా వెనక గదులు అద్దెకిచ్చారు, తర్వాత ముందు తోట అమ్మారు, చివరకు కమాను మిగిలింది.

సర్దార్ మహల్ కథ ఇంకా చిన్నది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ 1900లో సర్దార్ బేగం కోసం కట్టించాడు. ఆవిడకు నచ్చలేదు, ఉండలేదు. ఇంటి పన్ను బాకీ కింద 1965లో మునిసిపాలిటీ దాన్ని తీసుకుంది. తీసుకున్నవాళ్లు అందులో దశాబ్దాల పాటు ఆఫీసు నడిపారు. జనన మరణ ధ్రువపత్రాల కోసం పాతబస్తీ జనం బారులు తీరిన ఆ వరండాల దూలాలు తడిసి, పూత రాలి, ఒక్కో గది పనికిరాకుండా పోయింది. బాకీ కట్టలేదని ఇల్లు జప్తు చేసినవారి దగ్గర, జప్తు చేసిన ఇంటిని కాపాడలేదని బాకీ వసూలు చేసే పద్ధతి మాత్రం ఏ చట్టంలోనూ లేదు.

ప్రభుత్వం యజమాని అయితే ఏమవుతుందో ఇర్రం మంజిల్ చెబుతుంది. పంజగుట్ట దగ్గర గుట్ట మీద నవాబ్ ఫఖ్రుల్‌ముల్క్ కట్టించిన మహలు అది, నూరుకు పైగా గదులది. ఆ గుట్ట మట్టి ఎర్రన కాబట్టి చుట్టుపక్కల తెలుగువాళ్లు దాన్ని ఎర్రగుట్ట అన్నారనీ, నవాబు ఆ ‘ఎర్ర’కు దగ్గరగా ‘ఇరమ్’ అని పేరు పెట్టాడనీ చెబుతారు. ఇరమ్ అంటే పార్సీ కవుల స్వర్గవనం. తెలుగు కూలీకి ఎర్రమట్టి, నవాబుకు స్వర్గం, ఇద్దరూ పలికేది ఒకే మాట. ఈ రాష్ట్రపు రెండు భాషల సంసారం ఇంత ముచ్చటగా కలిసిన పేరు నాకు ఇంకొకటి దొరకలేదు. తర్వాత ఆ మహలు ప్రభుత్వం చేతికొచ్చింది. అందులో కూర్చున్నది ఎవరు? రోడ్లు భవనాల శాఖ ఇంజనీర్లు, నీటిపారుదల ఇంజనీర్లు. భవనాలు చూడటమే పని అయినవాళ్లు కూర్చున్న భవనం శిథిలమైందని 2019లో ప్రభుత్వమే ప్రకటించి, దాన్ని కూల్చి కొత్త శాసనసభ కడతామని జూన్‌లో శంకుస్థాపన చేసింది. వారసులు, నగర ప్రేమికులు కోర్టుకెక్కారు. సెప్టెంబరులో హైకోర్టు ఆ మంత్రివర్గ నిర్ణయాన్ని కొట్టేసింది. కోర్టు కాపాడింది నిజమే. కాపాడింది కూల్చకుండా. రాలకుండా కాపాడే అధికారం తీర్పులో ఉండదు.

చట్టం సంగతి కూడా చెప్పుకుని ముందుకు పోదాం. హుడా జోనింగ్ నిబంధనల్లో 13వ నిబంధన కింద 1995లో నగరంలోని వారసత్వ కట్టడాలకు ఒక జాబితా చేశారు. వాటి మీద చెయ్యి వెయ్యాలంటే కమిటీ అనుమతి కావాలన్నారు. అప్పట్లో దేశంలో కొద్ది నగరాలకే అలాంటి రక్షణ ఉండేది. కొత్త రాష్ట్రం వచ్చిన ఏడాదిన్నరకు, 2015 డిసెంబరులో, ఆ నిబంధనను తీసేశారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. పాత జాబితా పోవడానికీ కొత్త రక్షణ పనిలోకి రావడానికీ మధ్య ఎన్ని పిట్టగోడలు పడ్డాయో లెక్క రాసినవారు లేరు. జాబితా రద్దయింది కాబట్టి ఇర్రం మంజిల్ ఇప్పుడు వారసత్వ కట్టడమే కాదని కోర్టులో వాదించడానికి మాత్రం ఆ ఖాళీ పనికొచ్చింది.

ఉస్మానియా ఆస్పత్రి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఎందుకంటే అది మహలు కాదు. దాని వాకిట్లో ఎవరూ ఎవరికీ చెయ్యి అడ్డం పెట్టలేదు. 1866లో అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున ఆస్పత్రి పెట్టారు. ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో 1888లో, 1889లో క్లోరోఫారం మత్తు మీద పరీక్షలు జరిగింది హైదరాబాదులోనే. వాటి ఫలితాల మీద లండన్‌లో వైద్యులు వాదులాడుకున్నారు. 1908 సెప్టెంబరు 28న మూసీ ఉప్పొంగి వేలమందిని తీసుకుపోయింది. ఆస్పత్రి కూడా దెబ్బతింది. ఆ రోజు ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి నూట యాభైమంది దాకా బతికారని చెబుతారు. వరద తర్వాతే ఊరు మళ్లీ కట్టుకుంది. ఉస్మాన్‌సాగర్ వచ్చింది, నగరాభివృద్ధి బోర్డు వచ్చింది, నదికి అటూ ఇటూ హైకోర్టు, సిటీ కాలేజీ, ఈ ఆస్పత్రి వచ్చాయి. మూడింటి నక్షా విన్సెంట్ ఎష్ అనే ఇంగ్లీషువాడిది. ఛత్రీలు, గుమ్మటాలు, ఎత్తయిన వార్డులు, గాలి ఒకవైపు దూరి ఇంకోవైపు పోయే వరండాలు. ఫ్యాన్లు రాకముందే చల్లగా ఉండేలా కట్టిన ఇల్లు. అప్పటినుంచి తెలంగాణ పది జిల్లాల పేదవాడికి, మహబూబ్‌నగర్ వలస కూలీకి, పాతబస్తీ గాజుల పనివాడికి చివరి దిక్కు ఉస్మానియా.

మరి ఆ ఇంటిని ఎలా చూసుకున్నాం? మిద్దెల మీద సిమెంటు వేశాం. పూత రాలిన చోటల్లా సిమెంటు అతికించాం. సున్నం గోడకు సిమెంటు పూస్తే ఊపిరి అందదు. లోపలి తడి బయటికి రాలేక ఉప్పయి పొంగి, అతుకుతోపాటు చుట్టూ ఉన్న మంచి పూతను కూడా లాక్కుని పడుతుంది. మరమ్మతు చేసినచోటే మొదట ఊడుతుంటే ‘చూశారా, పాత బిల్డింగు ఆగడం లేదు’ అన్నాం. గోడలు తొలిచి పైపులు వేశాం. ఆ పైపులు కారుతుంటే వదిలేశాం. 2015లో కూల్చేస్తామని ప్రభుత్వం ప్రకటించింది, గొడవయింది, ఆగింది. ఆగిందంటే కూల్చడమూ ఆగింది, బాగుచేయడమూ ఆగింది. 2020 జులైలో, కోవిడ్ రోజుల్లో, వాన నీళ్లూ మురుగునీళ్లూ కలిసి వార్డుల్లోకి వచ్చి రోగుల మంచాల కింద పారాయి. దేశమంతా టీవీల్లో చూసింది. ఆ నెలలోనే పాత భవనం ఖాళీ చేయించి తాళం వేశారు. నేల మీద మోకాలిలోతు మురుగు నిలిస్తే అది మోరీ జబ్బు. శిక్ష గుమ్మటానికి పడింది. కొన్నాళ్లకు ప్రభుత్వం మారింది. 2025 జనవరి 31న గోషామహల్‌లో కొత్త ఉస్మానియాకు శంకుస్థాపన జరిగింది. కొత్త ఆస్పత్రి రావాలి, రోగికి మంచం ముఖ్యం. గుమ్మటం కోసం రోగిని నేల మీద పడుకోబెట్టమని ఏ బుద్ధి ఉన్నవాడూ అనడు. కానీ డెబ్భై ఏళ్ల నిర్లక్ష్యాన్ని దాచిపెట్టి, రోగి కావాలా గుమ్మటం కావాలా అని అడగడం మోసం. ఆ రెండింటికీ తగువు పెట్టింది ఎవరు?

ఇక్కడే అసలు సంగతి. కూల్చే రోజు వచ్చేసరికి ఆ కట్టడానికి ఒక మతం వస్తుంది. అప్పటిదాకా మతం లేని ఆస్పత్రి హఠాత్తుగా ‘నిజాం గుర్తు’ అవుతుంది. బానిసత్వపు చిహ్నం అని ఒకరు, మా బాద్‌షా నిషానీ అని ఇంకొకరు. నక్షా గీసింది క్రైస్తవుడని, డబ్బు రైతుల శిస్తుదని, మంచాల మీద పడుకున్నది అన్ని కులాలవాళ్లని ఇద్దరికీ గుర్తుండదు. దేవిడీలు కూడా అంతే. శాలిబండలో గడియార స్తంభం చూసినవాళ్లెందరో ఉంటారు. అది రాజా రాయ్ రాయాన్ దేవిడీది, వాళ్లు మరాఠీ బ్రాహ్మలు. దేవిడీ పోయింది, స్తంభం మిగిలింది. రెవెన్యూ దఫ్తర్లు చూసిన కాయస్థుల మాల్వాలా దేవిడీ కూడా నిలవలేదు. వానకు తెలిసిన మతం లేదు. కానీ మనుషులకు ఉంది. 1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూలినప్పుడు ఒక్క పూటలో మాకు తెలిసొచ్చింది, గోడ పడితే దాని కింద మనుషుల పౌరసత్వం కూడా నలుగుతుందని. ఆ భయంతోనే ఆ తర్వాత ఏ పాత గోడ కదిలినా ఉలిక్కిపడతాం. ఆ ఉలికిపాటులో న్యాయముంది. అయితే గడ్డపారకు భయపడ్డంతగా రావిమొక్కకు భయపడటం మేం నేర్చుకోలేదు.

ఇది మావాళ్లతో చెప్పాల్సిన మాట కాబట్టి కటువుగానే చెబుతాను. పాతబస్తీలో, జిల్లా పట్నాల్లో పాత మసీదుల్ని పాడుచేసింది ఎవరో బయటివాళ్లు మాత్రమే కాదు. కమిటీలు చందాలు పోగుచేసి కుతుబ్‌షాహీ గచ్చు పనిని చెక్కేసి పాలరాతి పలకలు, బాత్‌రూము టైల్సు అతికించాయి. చిన్న మినార్ల మీద చెక్కిన తామర మొగ్గలు పోయి, గల్ఫ్ క్యాలెండర్లో చూసిన ఎత్తు మినార్లు వచ్చాయి. నమాజుకు చోటు చాలడం లేదన్నది నిజం, జనం పెరిగారు. చోటు పెంచడానికి పాత మిహ్రాబ్‌కు ఆకుపచ్చ ఆయిల్ పెయింటు ఎందుకు కావాలో నాకు అర్థం కాదు. తామర మొగ్గ మన మొగ్గ, దక్కన్ మేస్త్రీ మొగ్గ. దాన్ని చెక్కేసి మనం ఇక్కడివాళ్లం కాదని మన చేతులతోనే రాసిచ్చాం. ముతవల్లీల సంగతి చెప్పనే అక్కర్లేదు. వక్ఫు మడిగెలు పాత అద్దెలకే చేతులు మారాయి, పైన లంచం కింద బేరం. మడిగె అద్దె సరిగా వస్తే మసీదు కప్పు కారేది కాదు.

పాలకుడు మనవాడైతే చాలన్న భ్రమ ఉన్నవాళ్లు బాద్‌షాహీ ఆషూర్‌ఖానా చరిత్ర చూడాలి. మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1590లలో కట్టించాడు. లోపలి గోడల రంగు పలకల పని 1611 నాటికి పూర్తయింది. పచ్చా పసుపూ నీలమూ కలిసిన ఆ పలకల్లాంటివి ఈ దేశంలో అరుదు. గోల్కొండ ఔరంగజేబు చేతికి పోయాక అది బండ్లఖానా అయింది. మళ్లీ ఆషూర్‌ఖానాగా తెరుచుకోవడానికి నిజాం అలీఖాన్ రోజుల దాకా ఆగాల్సి వచ్చింది. 1908 వరద కింది వరస పలకల్ని తీసుకుపోతే ఆ చోట్ల రంగులు పూసి పని కానిచ్చారు. దగ్గరికెళితే ఏది పలకో ఏది పూతో ఇట్టే తెలుస్తుంది. ఒక ముస్లిం చక్రవర్తి మూయించాడు, ఒక నది కడిగింది. ఇలాంటి పాత ఆషూర్‌ఖానాలకూ చిల్లాలకూ మసీదులకూ చాలాసార్లు కాగితం ఉండదు, తరాల వాడకమే సాక్ష్యం. 2025 నాటి వక్ఫు సవరణ చట్టం ఆ ‘వాడుక వల్ల వక్ఫు’ అన్న మాటను ఇకపై చెల్లకుండా చేసింది. ముందే రిజిస్టరైనవి నిలుస్తాయన్నారు గానీ, వివాదంలో ఉన్నవీ ప్రభుత్వ భూమి అన్నవీ అందులోకి రావు. కాగితం లేనివాడికి గోడే కాగితం. ఆ గోడ రాలితే చూపడానికి ఏముంటుంది?

బాగుచేయడం కుదరదని మాత్రం ఎవరూ చెప్పనక్కర్లేదు. చౌమహల్లా బాగుపడి 2010లో యునెస్కో ప్రశంస పొందింది. ఫలక్‌నుమా అదే ఏడాది హోటలై తెరుచుకుంది. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013 వానలకు బడీ బావిలీ గోడ కూలితే, ఆగాఖాన్ ట్రస్టు మళ్లీ సున్నంతోనే లేపింది. పదేళ్లకు పైగా సాగిన ఆ పనిలో సిమెంటు అతుకులు తీసేసి సున్నం పూశారు. సున్నం నూరడం మర్చిపోయిన ఊళ్లో మళ్లీ మేస్త్రీలు తయారయ్యారు. మరి అదే చేత్తో ఆస్పత్రి బాగుకాదా? అవుతుంది. రాజు పడుకున్న గదికి రాత్రికి వేలల్లో అద్దె వస్తుంది, సమాధికి టికెట్ వస్తుంది. కూలివాడు పడుకున్న వార్డుకు ఏమీ రాదు. పర్యాటక శాఖ కరపత్రాల్లో చార్మినార్ ఉంటుంది, దాని వెనక గల్లీలో వానొస్తే గోడ మీద పడుతుందేమోనని పిల్లల్ని పక్కింట్లో పడుకోబెట్టే తల్లి ఉండదు. ఏటా వానాకాలంలో పాత ఇళ్లకు మునిసిపాలిటీ నోటీసులు అంటిస్తుంది. కిరాయిదారు ఎక్కడికి పోవాలో నోటీసులో రాయరు. వారసత్వం గురించి పెద్ద హాళ్లలో మీటింగులు పెట్టే నగర పెద్దలు ఆ తల్లిని ఆక్రమణదారు అంటారు. ఆవిడ మామ ఆ దేవిడీలో నలభై ఏళ్లు చాకిరీ చేసి ఉండొచ్చు.

దారుష్షిఫా అన్న పేరు ఇప్పుడు ఒక పేటది, బస్సు స్టాపుది. అది మహమ్మద్ కులీ 1595 ప్రాంతంలో కట్టించిన ఆస్పత్రి పేరు. రెండంతస్తులు, మధ్యలో చౌకు, చుట్టూ గదులు. యునానీ హకీములు అక్కడ రోగుల్నీ చూశారు, శిష్యులకూ చెప్పారు. చార్మినార్ కట్టిన నాలుగేళ్లకే ఆస్పత్రి కట్టిన ఊరు ఇది. పటాల్లో చార్మినార్ మిగిలింది, ఆస్పత్రి మరుగున పడింది. చౌకులో ఆషూర్‌ఖానా నిలిచి ఉండబట్టి, మొహర్రంలో జనం వస్తారు కాబట్టి, ఆ మాత్రమైనా దాని జాడ పోలేదు. కమానుల్లో కొన్ని దుకాణాలయ్యాయి, కొన్నిటి మీద గదులు లేచాయి. నాలుగువందల ఏళ్ల నాటి ఆస్పత్రికి అలా అయింది. నూరేళ్ల నాటి ఆస్పత్రి అక్కడికి నడిచిపోయేంత దూరంలో, నది అవతల ఉంది.

గోషామహల్‌లో కొత్త ఉస్మానియా లేచాక పాత భవనాన్ని ఏం చేస్తారన్నది ముందు ముందు పెద్ద తగువవుతుంది. మ్యూజియం అంటారు, హోటల్ అనేవాళ్లూ రావచ్చు. నేను అడిగేది, మాతోపాటు మీరు కూడా అడగాల్సింది, దాన్ని రోగులకే తిరిగి ఇమ్మని. అవుట్ పేషెంటు విభాగం పెట్టండి, నర్సుల బడి పెట్టండి, ఊళ్ల నుంచి రోగుల వెంట వచ్చి ఫుట్‌పాత్ మీద పడుకునేవాళ్లకు రాత్రి ఆసరా ఇవ్వండి. సిమెంటు చెక్కి సున్నం పూయించండి. సమాధుల దగ్గర పని నేర్చుకున్న మేస్త్రీలు ఈ ఊళ్లోనే ఉన్నారు. ఈ వాదన తేలేలోపు ఇంకా నాలుగైదు వానాకాలాలు పోతాయి కాబట్టి ముందుగా పర్నాలాలు తీయించి, పిట్టగోడల మీది రావిమొక్కలు పీకించాలి. దానికి ఏ కోర్టు తీర్పూ, ఏ మంత్రివర్గ నిర్ణయమూ అక్కర్లేదు.